సేకరించాలంటే ముందు పండాలి కదా

2024 మే మొదటి వారంలో ఊరికి వెళ్ళాను. పోలింగ్ 13న. ఎండ మాడ్చేస్తోంది, కరెంటు వస్తూ పోతూ ఉంది, బస్టాండు దగ్గర టీ కొట్టు మాత్రం కళకళలాడుతోంది. మేం కూర్చుని ఉండగా ఇద్దరు కుర్రాళ్ళు బండి మీద వచ్చారు. ఒకడి చేతిలో మైకు, దానికి ఏదో యూట్యూబ్ ఛానెల్ పేరున్న రంగు డబ్బా. రెండోవాడు ఫోన్‌తో షూట్ చేస్తున్నాడు. "పెద్దాయనా, ఈసారి గాలి ఎటుంది?" అంటూ మైకు తెచ్చి మా బాబాయి మూతి దగ్గర పెట్టాడు.

బాబాయి తువ్వాలు సర్దుకున్నాడు. గొంతు సవరించుకుని, తనకొచ్చిన పథకాల పేర్లన్నీ వరసగా అప్పజెప్పి, "మళ్ళీ ఆయనే" అన్నాడు. పక్కనున్నాయన "మార్పు రావాలండీ" అన్నాడు. మూడో ఆయన "ఇక్కడ టఫ్ ఫైట్" అన్నాడు, అచ్చం టీవీలో వాళ్ళలాగే. రెండు నిమిషాల్లో ఆరుగురి అభిప్రాయాలు రికార్డయిపోయాయి. బండి మలుపు తిరిగాక బాబాయి గ్లాసు కింద పెట్టి, "వాడెవరి మనిషో ఏమో, మనకెందుకొచ్చిన గొడవ. వాలంటీరు కుర్రాడు అక్కడే నిలబడి ఉన్నాడు చూళ్ళేదూ? మైకులో చెప్పింది మైకు కోసం రా. పెట్టె దగ్గర చెప్పేది వేరే" అన్నాడు. ఈవీఎంలు వచ్చి ఇన్నేళ్ళయినా బాబాయికి అది పెట్టే.

నాలుగు రోజుల తర్వాత ఆ వీడియో నా ఫోనుకే వచ్చింది. "జనం నాడి ఇదే!" అని ఎర్రక్షరాలు, వాటి కింద మా బాబాయి.

అప్పుడు నవ్వుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, బాబాయి అబద్ధం చెప్పడం కంటే ఆ కుర్రాడు అడిగిన ప్రశ్నే ఎక్కువ గుచ్చుకుంది. "నీకేం కావాలి?" అని అడగలేదు వాడు. "గాలి ఎటుంది?" అన్నాడు. అంటే మిగతావాళ్ళు ఏమనుకుంటున్నారో ఊహించి చెప్పమని. మిగతావాళ్ళని అడిగినా అదే ప్రశ్న. ఆ కొట్లో నేను రెండు గంటలు కూర్చున్నాను. ఏ నియోజకవర్గంలో ఎంత మెజారిటీ వస్తుందో, ఏ కులం ఎటు మొగ్గుతుందో లెక్కలన్నీ వచ్చాయి. మంచినీళ్ళ ట్యాంకు ఆరునెలలుగా పనిచేయడం లేదన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. అందరం విశ్లేషకులమే. ఓటర్లు ఎక్కడున్నారో మరి.

ధాన్యం, పాలు, అభిప్రాయం

మన గవర్నమెంటు తెలుగులో ప్రజాభిప్రాయ సేకరణ అని ఒక మాట ఉంది. ఏ గనికో ఫ్యాక్టరీకో పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు షామియానా వేసి పెట్టే సభను అలా అంటారు. సేకరణ అనేది ఇంకెక్కడ వాడతాం? ధాన్యం సేకరణ, పాల సేకరణ, విరాళాల సేకరణ. సరుకు అప్పటికే తయారై ఇళ్ళల్లో ఉంది, బండి తీసుకెళ్ళి ఎత్తుకురావడమే తరువాయి అన్నమాట. అభిప్రాయం విషయంలో నాకు పేచీ ఇక్కడే. అది పండిందో లేదో చూడకుండానే బండి వచ్చేస్తోంది. అదీ రోజుకు నాలుగు బండ్లు.

సర్వేల చరిత్ర చెప్పేవాళ్ళంతా అమెరికాలో 1936 ఎన్నికలతో మొదలుపెడతారు. లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక సుమారు కోటి మందికి పోస్టులో కార్డులు పంపితే 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. వాటిని లెక్కబెట్టి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఓడిపోతాడని తేల్చింది. ఆయన 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. టెలిఫోన్లూ కార్లూ ఉన్నవాళ్ళ జాబితాల నుంచి అడ్రసులు తీస్తే అలాగే ఉంటుంది మరి. 50 వేల మందిని మాత్రమే అడిగిన జార్జ్ గాలప్ లెక్క సరిపోయింది. శాంపిల్ జాగ్రత్తగా తీసుకోవాలి నాయనా అని కథ ముగిస్తారు.

కానీ గాలప్ అక్కడితో ఆగలేదు. ఊరంతా ఒకచోట చేరి మాట్లాడుకునే పాత సభల్ని సర్వేలు తిరిగి తెస్తాయని ఆయన వాదన. పత్రికలూ రేడియో రెండు పక్షాల మాటా వినిపిస్తాయి, విన్న జనం సర్వేలో తీర్పు చెబుతారు, దేశమంతా ఒకే పెద్ద గదిలో కూర్చున్నట్టే అని 1939లో ఒక ఉపన్యాసంలో అన్నాడు. వినడానికి బాగుంది. అయితే గదిలో కూర్చున్నప్పుడు పక్కవాడి మాట నాకు వినబడుతుంది. నేను నోరు జారితే నలుగురూ చూస్తారు, తప్పని తెలిస్తే సర్దుకుంటాను. సర్వేలో ఇదేమీ ఉండదు. ఒక్కణ్ణి పక్కకు పిలిచి అడుగుతారు, రాసుకుంటారు, ఇంకొకడి దగ్గరికి పోతారు. వెయ్యి ఒంటరి జవాబులు కూడితే వెయ్యి ఒంటరి జవాబులే అవుతాయి.

ఇక 2024 జూన్ 1 సాయంత్రం ఏమైందో అందరికీ తెలుసు. ఎన్డీయేకు 350, 370, 400 అంటూ ఛానెళ్ళు పోటీ పడ్డాయి. 4వ తేదీన వచ్చింది 293. సర్వే సంస్థ అధిపతి ఒకాయన స్టూడియోలోనే కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఆంధ్రాలో సర్వేలు సగం ఇటూ సగం అటూ చెబితే, కూటమి 175కి 164 పట్టుకుపోయింది. తప్పు చెప్పారని తిట్టడం నాకు ఇష్టం లేదు. ఒకవేళ రైటే చెప్పారనుకోండి, మూడు రోజులు ముందు తెలిస్తే మనకు ఒరిగేదేమిటి? మా వైపు ఎగ్జిట్ పోల్స్‌ను నిష్ఠగా చదివేది పందేలు కాసేవాళ్ళు. వాళ్ళకు మాత్రం నిజంగా పనికొస్తాయి.

చదవని చట్టం

నా వాదనకు గట్టి అడ్డు వాల్టర్ లిప్‌మన్. ఆయన అమెరికా పత్రికా రచయిత, అందుకే ఆయన నిరాశ కొట్టిపారేసేది కాదు. 1920లో మిత్రుడు చార్లెస్ మెర్జ్‌తో కలిసి, రష్యా విప్లవం మీద న్యూయార్క్ టైమ్స్ రాసిన వార్తలన్నీ ముందేసుకుని చూశాడు. బోల్షివిక్ ప్రభుత్వం ఇదిగో కూలిపోతోంది, అదిగో కూలిపోతోంది అని రెండేళ్ళలో 91 సార్లు వచ్చింది. అది కూలలేదు. అబద్ధాలు రాయాలని కంకణం కట్టుకుని కూర్చున్నవాళ్ళు కారు వాళ్ళు. తాము కోరుకున్నదే వాళ్ళకు కనబడింది. రెండేళ్ళ తర్వాత రాసిన పుస్తకంలో లిప్‌మన్ అన్నదేమిటంటే, మనం చూసేది ప్రపంచాన్ని కాదు, మన బుర్రలో ఉన్న దాని బొమ్మల్ని. బతుకుతెరువుతో సతమతమయ్యే మామూలు మనిషి అన్ని విషయాలమీదా అభిప్రాయం ఏర్పరచుకోవాలనడం అత్యాశ. తెలిసినవాళ్ళకు వదిలేయండి, జనం మహా అయితే ఔననో కాదనో అంటారు.

చదువుతుంటే ఒళ్ళు మండుతుంది. కానీ నా ఫోను తీసి చూసుకుంటే నోరు పెగలదు. అదే ఎన్నికల్లో భూహక్కుల చట్టం, ఇంటింటా పలికిన పేరుతో చెప్పాలంటే ల్యాండ్ టైట్లింగ్ యాక్ట్, ఎంత దుమారం లేపిందో గుర్తుందిగా. "మీ భూమి మీది కాకుండా పోతుంది" అని మా ఫ్యామిలీ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. దాన్ని మూడు గ్రూపులకు ఫార్వర్డ్ చేసిన మహానుభావుణ్ణి నేనే. చట్టం చదివానా? లేదు. దానికి మూలం నీతి ఆయోగ్ తయారుచేసిన నమూనా చట్టమని అప్పటికి తెలుసా? అదీ లేదు. డిగ్రీలున్న నా పరిస్థితే ఇది. కొత్త ప్రభుత్వం వచ్చి ఆ జూలైలో చట్టాన్ని రద్దు చేసేసింది. నేను ఇప్పటికీ పూర్తిగా చదవలేదు. లిప్‌మన్ నాలాంటివాణ్ణి చూసే రాసి ఉంటాడు.

అమెరికా తత్వవేత్త జాన్ డ్యూయీ 1927లో లిప్‌మన్‌కిచ్చిన జవాబులో ఒక పోలిక ఉంది. చెప్పు బాగుచేసే పని కుట్టేవాడికే బాగా తెలుసు, కానీ ఎక్కడ కరుస్తోందో తొడుక్కున్నవాడికే తెలుసు. ఇది చదవగానే మళ్ళీ టీ కొట్టే గుర్తొచ్చింది. మైకు వెళ్ళిపోయాక బాబాయి ఇంకో మాట కూడా అన్నాడు: "మా నాయన చెమటోడ్చి కొన్న పొలం. పాసుపుస్తకం మీద ముఖ్యమంత్రి బొమ్మ, పొలంలో రాయి మీద ముఖ్యమంత్రి బొమ్మ. నా గట్టు మీద ఇంకొకళ్ళ బొమ్మ ఎందుకురా?" చట్టంలో ఏ సెక్షన్ ఏం చెబుతుందో బాబాయికి నాకంటే కూడా తెలియదు. చెప్పు ఎక్కడ కరుస్తోందో మాత్రం అంగుళంతో సహా తెలుసు. మైకు ముందు అది రాలేదు, ఎందుకంటే అది ఎవరూ అడగలేదు. మైకు పోయాక ఆ మాట మీద నలుగురూ మాట్లాడుకున్నారు. ఒకాయన "భూముల సర్వే చేయడం మంచిదే, బొమ్మే తప్పు" అన్నాడు. బాబాయి కాసేపు ఆలోచించి "అదీ నిజమే" అన్నాడు. ఆ పదినిమిషాలే ఆ రోజు అక్కడ పండిన అభిప్రాయం. దాన్ని ఎవరూ సేకరించలేదు.

పెద్దమ్మ పలక

మాది సారా వ్యతిరేక ఉద్యమానికి పేరుపడ్డ దూబగుంట కాదు గానీ, అదే నెల్లూరు జిల్లా. 1991, 92 ప్రాంతంలో నాకు తొమ్మిదేళ్ళు. సంపూర్ణ అక్షరాస్యత అని రాత్రిబళ్ళు పెట్టారు. మా ఊళ్ళో రెండు, ఒకటి రామాలయం అరుగు మీద, ఇంకోటి కాలనీలో. పెద్దమ్మ నా పాత పలకే తీసుకుని వెళ్ళేది. పగలంతా కలుపు తీసి, పొయ్యి చల్లారాక, తలకు కాస్త నూనె రాసుకుని మరీ వెళ్ళేది. బలపం పట్టుకుంటే వేళ్ళు వంకర్లు పోయేవి. "ప" రాయడం వచ్చింది గానీ తలకట్టు ఎప్పుడూ మరిచిపోయేది.

ఆ వాచకాల్లో సారా వల్ల కుప్పకూలిన ఒక ఆడమనిషి కథ ఉండేది. రాత్రిబడిలో ఆ పాఠం పూర్తయ్యేసరికి అక్షరాలు పక్కకు పోయాయట. ఎవరింట్లో ఏం జరుగుతోందో ఒకరి తర్వాత ఒకరు చెప్పుకోవడం మొదలైంది. అప్పటిదాకా ఎవరి మొగుడి తాగుడు వాళ్ళ ఇంటి పరువు సంగతి, బయటికి చెప్పుకునేది కాదు. ఇరవైమంది ఒకచోట కూర్చుని చెప్పుకునేసరికి ఇరవై ఇళ్ళ కథా ఒకటేనని తేలింది. ఇళ్ళలో విడివిడిగా మూలిగినన్నాళ్ళూ అది కర్మ, అరుగు మీదికి వచ్చాక సారా కాంట్రాక్టరూ, వారుణి వాహినీ, గవర్నమెంటూ. సారాను ప్యాకెట్లలో ఊరూరా చేర్చిన ప్రభుత్వ పథకానికి వారుణి వాహిని అని పేరు పెట్టిన మహాకవి ఎవరో గానీ! ఒక చేత్తో ప్యాకెట్లు, ఇంకో చేత్తో వాచకాలు, రెండూ పంచింది సర్కారే.

దూబగుంటలో రోశమ్మ, ఆమెతో ఉన్న ఆడవాళ్ళు ఆ రోజుల్లోనే సారాను ఊళ్ళోకి రానివ్వలేదు. ఆ ఊరి కథే ఆ తర్వాత ఇంకో పాఠమైంది, ఇంకో వంద ఊళ్ళకు పాకింది. సారా వేలంపాటలు జరగనివ్వకుండా అడ్డం పడుకున్నారు. పాటలు వాయిదా మీద వాయిదా. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో సారా ఆగింది, అక్టోబర్ 1న రాష్ట్రమంతా. ఏటా వందల కోట్ల ఆదాయం వదులుకున్నారు. 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. ఇదంతా మొదలవకముందు ఎవరైనా మైకు పట్టుకుని పెద్దమ్మను "సారా మీద మీ అభిప్రాయం?" అని అడిగి ఉంటే ఏమనేది? "మాకేం తెలుసు నాయనా, మగాళ్ళనడుగు" అనేది. అది నిజాయితీగా చెప్పిన జవాబే అయ్యుండేది. దాన్ని పట్టికలో "చెప్పలేం" కింద వేసేవాళ్ళు.

అనుమానాలు, అందులో ఒకటి మా గడపలోదే

ఇది అరుగు చేసిన పనా, పత్రిక చేసిన పనా అని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్న. ఆ రోజుల్లో ఈనాడు సారా ఉద్యమానికి ప్రత్యేకంగా పేజీ కేటాయించి రోజూ రాసింది. అప్పుడున్నది కాంగ్రెస్ ప్రభుత్వం, ఆ పత్రికకు తెలుగుదేశం వైపు మొగ్గు ఉందన్నది 1983 నుంచీ ఊళ్ళో అందరూ అనే మాటే. కాబట్టి అది శుద్ధమైన ప్రజాసేవ అని నేను అనను. కానీ ఆ పేజీ చేసిన పని వేరు. కావలిలో ఏం చేశారో ఉదయగిరి వాళ్ళకు, అక్కడ ఏం చేశారో చిత్తూరు వాళ్ళకు చెప్పింది. ఒక అరుగు మాట ఇంకో అరుగుకు మోసింది. ఎవరికి లాభమని మోసినా, మోసింది అరుగు మాటనే. ఇవాళ రాత్రి 9 గంటల డిబేట్లో నలుగురు అరుచుకునేది చూసి, మర్నాడు టీ కొట్టు దగ్గర అవే మాటలు మనం అప్పజెబుతున్నాం. మోత అటునుంచి ఇటు అయింది.

రెండో అనుమానం నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. డ్యూయీ దగ్గర కొలంబియాలో చదువుకున్న అంబేడ్కర్ 1936లో, అంటే ఆ కార్డుల సర్వే బోల్తా కొట్టిన సంవత్సరమే, లాహోర్‌లో ఒక సంస్కరణ సంఘం సభకోసం ఉపన్యాసం రాసుకున్నాడు. అందులో మాటలు మింగుడుపడవని వాళ్ళు సభనే రద్దు చేసుకున్నారు. ఆయన సొంత ఖర్చుతో అచ్చేయిస్తే 1,500 కాపీలు రెండు నెలల్లో అయిపోయాయి. కులం ప్రజాభిప్రాయాన్నే అసాధ్యం చేసిందని, హిందువుకు ప్రజ అంటే తన కులమేనని అందులో రాశాడు. గురువు చెప్పిన కలిసి బతకడం, కలిసి మాట్లాడుకోవడం అన్నది బాగానే ఉంది, ఇక్కడ కలిసేదెవరు అని శిష్యుడి ప్రశ్న.

అరుగు, అరుగు అని ఇందాకట్నుంచి మురిసిపోతున్నాను గానీ మా ఊళ్ళో బళ్ళు రెండని ముందే చెప్పాను కదా. సారా జీపు ఆపిన రోజు మాత్రం రెండు బళ్ళ ఆడవాళ్ళూ కలిసే రోడ్డు మీద కూర్చున్నారు. మధ్యాహ్నమైంది. దాహమేసి కొందరు మా ఇంటి ముందుకొచ్చారు. పెద్దమ్మ మా వీధివాళ్ళకు చెంబు చేతికిచ్చింది. కాలనీ వాళ్ళకు చెంబు పైకెత్తి దోసిట్లో పోసింది. పొద్దున్నుంచీ పక్కపక్కన కూర్చుని ఒకే నినాదం ఇచ్చినవాళ్ళు. పోసిన పెద్దమ్మకు గానీ, తాగినవాళ్ళకు గానీ ఏమీ అనిపించినట్టు నాకు కనబడలేదు, తొమ్మిదేళ్ళ నాక్కూడా. ఇప్పుడు తలుచుకుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఒక్క విషయంలో అభిప్రాయం పండినంత మాత్రాన నేలంతా బాగుపడదు. ఆ జీపు కోసం వాళ్ళు కలిసినంతసేపు అంబేడ్కర్ అసాధ్యమన్నది కాస్త సాధ్యమైంది, జీపు పోగానే మళ్ళీ ఎవరి వీధి వాళ్ళది. రాత్రిబడి ఇంకో పదేళ్ళు నడిచి ఉంటే ఏమయ్యేదో! నడవలేదు. వాచకాలు అయిపోయాయి, లాంతర్లు పోయాయి. 1997లో నిషేధం ఎత్తేసినప్పుడు మా ఊరి అరుగు మీద ఎవరూ లేరు.

99 రూపాయలు

2024 ఎన్నికల్లోనూ మందు పెద్ద విషయమే. కాకపోతే ఈసారి గొడవ రేటు గురించి, బ్రాండు గురించి. అక్టోబర్‌లో కొత్త పాలసీ వచ్చింది, క్వార్టర్ 99 రూపాయలకు. టీ కొట్టు మైకుల్లో మార్మోగింది ఆ డిమాండే కాబట్టి ప్రజాభిప్రాయాన్ని గౌరవించారనే అనాలి. ముప్పై ఏళ్ళలో అదే జిల్లాలో అభిప్రాయం ఇంత తిరగబడిందా? నాకు నమ్మబుద్ధి కాదు. మైకు టీ కొట్టుకు వస్తుంది, టీ కొట్టు దగ్గర ఆడవాళ్ళు కూర్చోరు. ఆ ఎర్రక్షరాల వీడియో మళ్ళీ మొదట్నుంచీ చూశాను. పదకొండు నిమిషాల్లో ఒక్క ఆడగొంతు లేదు, వెనక బస్సు దిగుతూ పిల్లాణ్ణి తిడుతున్న ఒకావిడది తప్ప.

అదే ఏడాది ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు, రికార్డు కూడా వచ్చింది. మా వదిన వెళ్ళింది. పనుల జాబితా అప్పటికే టైపు చేసి ఉందట. మురుగుకాలువ సంగతి ఎత్తితే "రాసుకున్నామమ్మా" అన్నారట. రాసుకున్నారో లేదో గానీ, ఆవిడ ఆ మాటెత్తాక వెనక వరసలో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు లేచి "మా వీధిదీ అంతే" అన్నారని వదిన రెండుసార్లు చెప్పింది. ఆ ఇద్దరూ కాలనీవాళ్ళు.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు పెద్దమ్మ దగ్గర కూర్చున్నాను. డెబ్బై అయిదు దాటింది, చూపు తగ్గింది, జీపు ఆపిన సంగతి మాత్రం నిన్న జరిగినట్టు చెబుతుంది. ఎవరెవరు ఎక్కడ కూర్చున్నారో కూడా చెప్పింది, దోసిట్లో నీళ్ళ సంగతి తప్ప. నేనూ గుర్తు చేయలేదు. మాటల్లో మాటగా, "ఇంతకీ పోయిన ఎన్నికల్లో ఎవరికి వేశావు పెద్దమ్మా?" అన్నాను.

కళ్ళు చిన్నవి చేసి నా మొహంలోకి చూసింది.

"నువ్వే ఛానెలు నాయనా?"